ఫాల్ కుట్టిన చీర

"ముందు చీర విప్పు. మంచినీళ్లు తర్వాత తాగుదువు గాని."

బడి నుంచి వచ్చి గడపలో కాలు పెట్టగానే స్తుతి చెవిన పడే మొదటి మాట అది. అత్త రెబ్కమ్మ కుర్చీలోంచి లేవకుండానే అంటుంది. అందులో కోపం ఉండదు. పాలు కాగాయా అని అడిగినట్టుంటుంది. స్తుతి చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, తడి పూర్తిగా తుడుచుకుని లోపలి గదిలోకి వెళుతుంది. అప్పుడు కుచ్చిళ్లు తీస్తుంది. ఈలోపు మొగుడు ఎలీషా వచ్చి ట్యూబ్‌లైటు వేస్తాడు. చీర ఒక కొస ఇంకా ఆమె నడుముకు ఉండగానే రెండో కొస పట్టుకుని లాగుతూ గజం గజం వెలుతురుకి ఎత్తి చూస్తాడు. చంక కింద ఒరుసుకునే చోట ముక్కు పెట్టి వాసన చూస్తాడు. "వెనక్కి తిరుగు" అంటాడు. ఆమె లంగా, జాకెట్టుతో గోడకేసి తిరిగి నిలబడుతుంది. మరక పడే రోజులు ఏవో ఆమెకంటే అతనికే బాగా గుర్తు.

"ఏం లేదు. బాగానే ఉంది" అంటాడు చివరికి. ఆ మాట వినేదాకా ఆమె గోడ వైపు నుంచి తిరగదు. పెళ్లయిన కొత్తలో ఆ మాట తన గురించే అనుకునేది.

ఎలీషాది చీరల వ్యాపారం. పర్చూరులో ఇంటి ముందుగదే కొట్టు. సూరత్ నుంచి చీరల బేళ్లు దిగుతాయి. పట్టుకంటే ఎక్కువ మెరిసి నాలుగు ఉతుకులకే పీలికలయ్యే సరుకు. అతని కొట్టుకి బోర్డు లేదు, అద్దాల బీరువా లేదు, చీర కట్టి నిలబెట్టే బొమ్మ లేదు. పెళ్లాం ఉండగా బొమ్మకి డబ్బు పెట్టడం ఎందుకు? బేలు విప్పిన రోజు కొత్త డిజైన్లలో ఒకటి తీసి స్తుతికి ఇస్తాడు. ఆమె అది కట్టుకుని తను పనిచేసే ప్రైవేటు బడికి వెళ్లాలి, ఆదివారం చర్చికి వెళ్లాలి, ఎవరింట్లో ప్రార్థన కూడిక ఉంటే అక్కడికి వెళ్లాలి. "ఈ చీర ఎక్కడిది టీచర్" అని ఎవరో ఒకరు అడుగుతారు. సాయంత్రం చీర విప్పగానే రెబ్కమ్మ ఇస్త్రీ చేస్తుంది. పాత మడతల మీదే మడత పెట్టి, సెంటు కొట్టి, కాగితం పట్టీ చుట్టి కవర్లో దూరుస్తుంది. అడిగిన మనిషి వచ్చి కొత్త చీర అనుకుని కొనుక్కుపోతుంది.

కట్టిన చీర కట్టనట్టు ఉండాలంటే కట్టేవాళ్లు ఎలా ఉండాలో ఎవరికైనా తెలుసా? ఫాల్ కుట్టకూడదు. కాబట్టి అంచు ముడుచుకుని మడమల కింద పడుతుంది, చిన్న చిన్న అడుగులే వెయ్యాలి. జాకెట్టు ముక్క కత్తిరించకూడదు. దాన్ని మడిచి నడుం దగ్గర దోపుకోవాలి, ఎండాకాలం అక్కడ చెమటకాయలు లేస్తాయి. తలకి నూనె రాయకూడదు. మధ్యాహ్నం పప్పు, పులుసు ముట్టకూడదు, స్టాఫ్ రూములో నిలబడే పెరుగన్నం తినాలి. అన్నిటికంటే ముఖ్యం, పిన్ను పెట్టకూడదు. పిన్ను పెడితే చిల్లు కనపడుతుంది. పైట జారిపోకుండా ఎడమ చెయ్యి ఎప్పుడూ భుజం మీదే ఉంచుకోవాలి. టెన్త్ క్లాసులో బోర్డు మీద రాస్తూ చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆ జారుడు గుడ్డ చేసే చప్పుడు ఆమె ఒక్కదానికే వినపడుతుంది. వెనక బెంచీలో ఎవరో నవ్వుతారు. అది తన గురించేనో కాదో ఎన్నేళ్లయినా ఆమెకు తెలియలేదు. ఆ ఎడమ చెయ్యి బడిలో ఆమెది కాదు.

ఇంట్లో ఇంకో పద్ధతి. కొనేవాళ్లు వచ్చి చాప మీద కూర్చోగానే ఎలీషా దగ్గుతాడు. అది పిలుపు. స్తుతి మంచినీళ్ల గ్లాసులు పట్టుకుని ముందుగదిలోకి రావాలి, వంగి అందించాలి, నెమ్మదిగా వెనక్కి తిరిగి పోవాలి. మళ్లీ దగ్గితే మళ్లీ రావాలి. అతను ఆమెను పేరు పెట్టి పిలవగా విని ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు.

రెబ్కమ్మకి ఇదంతా కష్టంలా కనపడదు. ఆవిడ పొగాకు కాల్చే బేరన్ల దగ్గర, మిరప కల్లాల్లో పనిచేసి బతికిన మనిషి. ఒక చీర ఉతికి ఆరేసుకుని, అది ఆరేదాకా బయటికి రాని రోజులు చూసింది. "రోజుకో కొత్త చీర కట్టే భాగ్యం ఎవరికుందే. ప్రభువు ఇచ్చాడు, కట్టుకోక ఏడుపు మొహం ఎందుకు" అంటుంది. ఆవిడ నిజంగానే అంటుంది. 

ఒకసారి మరక పడింది. ఎవరింట్లోనో ప్రార్థన అయ్యాక భోజనాలు పెట్టారు, వద్దన్నా వడ్డించారు, సాంబారు బొట్టు గుండెల మీద పడింది. ఎలీషా కొట్టలేదు. కొట్టే మనిషి కాదని అతనికి ఊళ్లో మంచి పేరు. చీర విప్పనివ్వకుండా, ముందుగదిలో కొనేవాళ్లు చూస్తుండగానే నిమ్మచెక్క, సబ్బు తెచ్చి, ఆమె రొమ్ము మీద ఆ బొట్టు ఉన్నచోట బ్రష్షుతో రుద్దాడు. "కదలకు" అన్నాడు. వచ్చినవాళ్లలో ఒకావిడ మొహం తిప్పుకుంది. మరక పోయింది, చీర అమ్ముడుపోయింది. స్తుతికి మాత్రం అప్పటినుంచి చీర మీద చీమ పాకినా గుండె జారిపోతుంది. బడిలో చిన్నపిల్లలు పరిగెత్తుకొస్తే వెనక్కి అడుగేస్తుంది. వాళ్ల చేతుల్లో సిరా ఉంటుంది, చీమిడి ఉంటుంది, మామిడికాయ ఉప్పూకారం ఉంటుంది. పిల్లల్ని చూస్తే భయపడే టీచరు. ఆ సంగతి ఎవరితో చెప్పుకుంటుంది?

చెప్పుకోకుండానే కనిపెట్టింది రిహానా. లెక్కల టీచరు, పుట్టిల్లు చీరాల. రిహానాకి ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టగల చీరలు, అన్నీ మగ్గం నేత నూలువి. ముదురు నీలం చీర ఒకటి తెల్ల జాకెట్టుతో బడికి వస్తుంది, జరీ జాకెట్టుతో పెళ్లికి పోతుంది. వాటిని గంజి పెట్టుకుంటుంది, నీడన ఆరేసుకుంటుంది, చిరిగిన చోట రఫ్ఫు చేయించుకుంటుంది. ఆ చీరలో బండి నడుపుతుంది, నేల మీద చతికిలపడి పిల్లల చేత లెక్కలు చేయిస్తుంది, పప్పు కలుపుకుని తింటుంది. ఒకరోజు స్టాఫ్ రూములో స్తుతి నిలబడి తింటుంటే చెయ్యి పట్టి కూర్చోబెట్టబోయింది. స్తుతి చెయ్యి విదిలించుకున్న తీరు చూసి ఆగిపోయింది.

"ఎప్పుడూ అవే చీరలంటే ఎవరూ ఏమీ అనరా?" అని స్తుతే అడిగింది కాసేపటికి.

"అంటారక్కా. రెండు వారాలు అంటారు. తర్వాత వాళ్ల నోరే నొప్పి పుడుతుంది."

ఆ మాట స్తుతి లోపల దిగబడింది. బీరువా నిండా చీరలున్న ఇంట్లో తనది అని చెప్పుకునేది ఏది? చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే బల్ల ఆరాధనకి కట్టే తెల్లచీర ఒకటి, ఇంట్లో కట్టే పాతవి రెండు. మిగతావన్నీ రేపో ఎల్లుండో ఇంకొకరివి. బజార్లో నడుస్తుంటే ఎదురొచ్చే ఆడవాళ్ల ఒంటి మీద తను కట్టి విప్పినవి కనపడతాయి. ఆ మెడ దగ్గర తన చెమట ఉందేమోనని, వాళ్లు పసిగడతారేమోనని తల దించుకుని పక్కకి తప్పుకుంటుంది. దొంగతనం చేసింది అతను, దొంగలా తిరిగేది తను.

ఒక శనివారం ఒంటిపూట బడి అయ్యాక, పేపర్లు దిద్దే పని ఉందని ఇంట్లో అబద్ధం చెప్పి రిహానా బండెక్కి చీరాల వెళ్లింది. దారి పొడుగునా ఎలీషాకి తెలిసినవాళ్లు ఎదురవుతారేమోనని పైట తలమీదుగా కప్పుకుంది. నేతగాడు బాలస్వామి మగ్గం మీద నుంచి దిగొచ్చి చీరలు పరిచాడు. స్తుతి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని చూస్తోంది. "కట్టుకునేదే కదమ్మా, పట్టుకుని చూడండి" అన్నాడాయన. ఆమె ముందు తన కొంగుకి చేతులు తుడుచుకోబోయింది, ఆ కొంగు అమ్మకపు కొంగని గుర్తొచ్చి ఆగి, రిహానా కొంగుకి తుడుచుకుంది.  పచ్చిదూది రంగు చీర, మెరూన్ అంచు. నల్ల జాకెట్టుతో ఒకలా, మెరూన్‌తో ఒకలా, ఆవాల రంగు జాకెట్టుతో ఒకలా ఉంటుంది, బడికీ చర్చికీ పెళ్లికీ ఇదే చాలు అని మనసులో వేసుకుంది. క్రిస్మస్‌కి ఇంకొకటి, ముదురుది. అలా ఏడాదికి రెండు. నాలుగు మంచి చీరలుంటే మనిషి బతకలేదా? ట్యూషన్ పిల్లలు ఇచ్చిన డబ్బు తీసి బాలస్వామి చేతిలో పెట్టింది.

చీరని బడిలోనే ఉంచి, ఆ వారమంతా స్టాఫ్ రూములో కూర్చుని ఫాల్ తనే కుట్టుకుంది. మొదటిసారి సూది కొత్త చీరలో దిగినప్పుడు తలుపు వంక చూసుకుంది. ఇంకా నయం, ఎవరూ చూడలేదు. ఒక కుట్టు, ఇంకో కుట్టు. ఇక దీన్ని ఎవరూ విప్పించుకుని కవర్లో పెట్టలేరు అనుకుంది. అంత అమాయకత్వం.

ఇంటికి తెచ్చిన రోజు ఎలీషా ఆ చీరని బొటనవేలితో రుద్ది చూశాడు. "సరుకు మంచిదే" అన్నాడు. అంచు తిప్పాడు. గొంతు తగ్గింది. "ఫాల్ ఎందుకు కుట్టావ్?"

"నేను కట్టుకోవడానికి."

అతను చీరని ఆమె చేతుల్లో పడేశాడు. "కట్టుకో. ఎన్నాళ్లు కట్టుకుంటావో చూద్దాం."

సోమవారం పైటకి పిన్ను పెట్టుకుని బడికి వెళ్లింది. రెండు చేతులూ ఊపుకుంటూ నడవడం అంటే ఇదా అనిపించింది, ఎడమ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. మంగళవారం జాకెట్టు మార్చి అదే కట్టింది. గురువారం మళ్లీ. "మీవారి వ్యాపారం ఏమైనా దెబ్బతిందా టీచర్?" అని హెడ్మాస్టరు నవ్వుతూ అడిగాడు. ఆ మాట సాయంత్రానికి ఎలీషాకి చేరింది. చీరల కొట్టు వాడి పెళ్లానికి ఒకటే చీర అని ఊరు నవ్వుతోందనీ, తన మొహాన పేడ కొట్టావనీ ఆ ఒక్క సాయంత్రమే అన్నాడు. ఆ తర్వాత మాట్లాడటం మానేశాడు. ట్యూబ్‌లైటు వెయ్యలేదు. వెనక్కి తిరగమనలేదు. ఇంతకాలం ఏ చూపు ఆగిపోతే చాలని ప్రార్థన చేసుకుందో ఆ చూపు ఆగిపోయింది. ఆగిపోయేసరికి ఇంకా భయమేసింది. అన్నం పెడుతుంటే అతను ఆమె మొహం చూడకుండా భుజం మీది పిన్ను వంకే చూస్తున్నాడు.  వంటింట్లో గిన్నె చప్పుడైతే ఉలిక్కిపడుతోంది. అయినా ఆదివారం చర్చికీ అదే చీర కట్టుకెళ్లింది.

మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజులు. బడి వెనకంతా ఎరుపు. గాలి మళ్లితే క్లాసుకి క్లాసు తుమ్ముతుంది. మూడో తరగతి నస్రత్ తల్లితో పాటు పొద్దున్నే కల్లంలో రంగుపోయిన తాలుకాయలు ఏరి బడికి వస్తుంది. ఆ రోజు తుమ్మీ తుమ్మీ ముక్కు నలిపేసుకుంది, బొటబొటా రక్తం కారింది. పిల్ల హడలిపోయి ఎదురుగా కనపడిన స్తుతి వైపు పరిగెత్తింది. స్తుతి కాలు అలవాటుగా ఒక అడుగు వెనక్కి పడింది. పిల్ల ఆగిపోయింది. రెండు చేతులూ ముక్కు కింద దోసిలి పట్టి, చీర మీద పడకుండా, దూరంగా నిలబడింది. ఈ టీచరుని ముట్టుకోకూడదని ఆ పిల్లకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఏడాది పొడుగునా చూసి నేర్చుకుంది.

స్తుతి ఆ వెనకడుగుని ముందుకి తెచ్చింది. పిల్లని దగ్గరికి లాక్కుంది, ముందుకి వంచి, ముక్కు నొక్కి పట్టి, తన పచ్చిదూది రంగు చీర కొంగుతో మూతి తుడిచింది. నస్రత్ తల ఆమె పొట్టకి ఆనించి వెక్కింది. చల్లటి నీళ్లతో ఎంత ఉతికినా కొంగు చివర వేపాకంత మచ్చ, లేత గోధుమరంగులో, మిగిలిపోయింది. పోనీ అనుకుంది. జీవితంలో మొదటిసారి ఒక మరక చూసి పోనీ అనుకుంది.

ఆ శనివారం ఇంటికొచ్చేసరికి రెబ్కమ్మ కుర్చీ పక్కన మసిగుడ్డల బుట్టలో పొడుగాటి మెరూన్ గుడ్డ పడి ఉంది. ఫాల్. స్తుతి దాన్ని చేతిలోకి తీసుకుంది. తను వేసిన కుట్లు వేసినచోట చిన్న చిన్న చిల్లులు. దండెం మీద చూసింది, పెట్టెలో చూసింది. చీర లేదు.

"వాడు విప్పమన్నాడు, విప్పాను" అంది రెబ్కమ్మ. "ఒక్క పోగు తెగలేదు చూడు. కళ్లు కనపడకపోయినా" అంది గర్వంగా.

ఎలీషా ముందుగదిలో బేలు విప్పుతున్నాడు. చాలా రోజుల తర్వాత ఆమె వంక చూసి నవ్వాడు. 

"అమ్మగారికి ఇచ్చేశా" అన్నాడు. అమ్మగారంటే పాస్టరుగారి భార్య. "పోయిన ఆదివారం నువ్వు కట్టావే, అలాంటిది కావాలని వాళ్లింట్లో మూడుసార్లు అన్నారంట. ఇన్నేళ్లు కట్టావు గానీ ఏ చీరనీ ఇంత బాగా కట్టలేదు నువ్వు. నాకు చెప్పకుండానే మంచి బేరం పట్టావ్. ఆ సాయిబుల టీచరుకి చెప్పి ఇంకో డజను నేయించు. నీలం, పచ్చ. ఒక్కొక్కటీ రెండేసి వారాలు కట్టు. తక్కువ కొనండి, మంచివి కొనండి అని చెబుదాం, ఇప్పుడు అందరూ అదే అంటున్నారు. ఫాల్ మాత్రం కుట్టకు, అమ్మకి కళ్లు పోతాయి."

 అరిచినా, ఏడ్చినా, అతను దాన్ని కూడా మడతపెట్టి కవర్లో పెట్టేస్తాడు. ఒక్క చీర. తన డబ్బు, తన కుట్టు, తన ఒంటి మీద తన ఇష్టం. అదీ అతని బేలులోకే పోయింది. ఇంకేం దాచుకున్నా ఎక్కడ దాచుకుంటుంది? ఈ ఇంట్లో ఆమె చర్మం తప్ప ఆమెది ఏదీ లేదు, అది కూడా సరుకు ఆరేసుకునే దండెమే.

ఆదివారం పొద్దున చిలకపచ్చ చీర ఇచ్చాడు, అద్దాల పని చేసింది. బండి మీద వెళ్తూ చెప్పాడు, ఇవాళ లేచి సాక్ష్యం చెప్పమని. కూర్చుంటే పక్కవాళ్లకే కనపడుద్ది, నిలబడితే అందరికీ కనపడుద్దని. ఏం చెప్పాలో కూడా చెప్పాడు, వ్యాపారంలో ప్రభువు తోడున్నాడని చెప్పమన్నాడు. "నేను దగ్గుతాను. అప్పుడు లే."

చర్చిలో ఆడవాళ్లు ఎడమ పక్క చాపల మీద, మగవాళ్లు కుడి పక్క. స్తుతి ఎడమ చెయ్యి భుజం మీద పెట్టుకుని కూర్చుంది. ముందు వరసలో అమ్మగారు. పచ్చిదూది రంగు, మెరూన్ అంచు. తలమీద ముసుగు వేసుకున్నప్పుడు కొంగు చివర వీపు మీదికి పడింది. మచ్చ. వేపాకంత. నస్రత్ తల తన పొట్టకి తగిలిన వేడి స్తుతికి మళ్లీ తెలిసింది.

ఆమె చుట్టూ చూసింది. ఎదుటి వరసలో గులాబీరంగు పూలది, వేసవిలో తను కట్టింది. దాని పక్కన బూడిదరంగుది, నెలసరి రోజుల్లో ఇచ్చాడు, రోజంతా కూర్చోకుండా నిలబడింది. గోడవారన ఊదారంగుది, అది కట్టుకునే సాంబారు బొట్టు పడేసుకుంది. ఆ బ్రష్షు రుద్దిన చోటు మీద ఇప్పుడు ఎవరో తల్లి పసిపిల్లని పడుకోబెట్టుకుంది. ఎంత భయాన్ని మోసి మోసి వీళ్లందరికీ పంచిపెట్టింది తను. వీళ్లకి తెలియదు. పాపం, కొత్తవని డబ్బిచ్చి కొనుక్కున్నారు.

"సాక్ష్యం చెప్పేవాళ్లు ఉంటే లేవచ్చు" అన్నారు పాస్టరుగారు. జ్వరం తగ్గినవాళ్లు లేచారు, బిడ్డ పాసైనవాళ్లు లేచారు. కుడి పక్క నుంచి దగ్గు వినిపించింది.

స్తుతి పర్సు తెరిచి పిన్ను తీసింది.  లేస్తే సాయంత్రం ఏమవుతుందో ఆమెకు తెలుసు. లేవకపోతే ప్రతి సాయంత్రం ఏమవుతుందో అంతకంటే బాగా తెలుసు. చిలకపచ్చ చీరని భుజం దగ్గర మడిచి, అమ్మకానికి ఉన్న ఆ చీరకి పిన్ను గుచ్చింది. టప్పున గుడ్డ తెగిన చప్పుడు తనకి వినపడింది. ఎడమ చెయ్యి కిందికి దించింది. లేచి నిలబడింది. మైకు చేతికి ఇచ్చారు.

"ప్రభువు నామమున అందరికీ వందనాలు" అంది.  "అమ్మగారూ, మీ కొంగు చివర ఒక మచ్చ ఉంది చూసుకోండి. అది మా బళ్లో ఒక పిల్ల ముక్కు రక్తం, నేను తుడిచాను. ఆ చీర నాది. మీది ఒక్కటే కాదు. ఈ పక్కన కూర్చున్న అక్కలందరూ మా ఇంట్లో కొన్న ప్రతి చీరా ముందు నేను కట్టి విప్పిందే."

చాపల మీద ఆడవాళ్ల చేతులు ఒకటొకటిగా వాళ్ల వాళ్ల భుజాల మీదికి పోయాయి.

కుడి పక్క నుంచి దగ్గు వినిపించింది. ఇంకోసారి, గట్టిగా. స్తుతి కూర్చోలేదు.